ఒకే పీహెచ్, మూడు చీటీలు: 25 వారాల బిడ్డ రక్తంలోకి ఆమ్లం ఎటునుంచి వస్తుంది?

బ్లడ్ గ్యాస్ మిషన్ నుంచి చీటీ బయటికి రాగానే అందరి కళ్లూ ముందు పీహెచ్ మీదే పడతాయి. రక్తం ఎంత ఆమ్లంగా ఉందో చెప్పే అంకె అది, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. 7.16 అని కనబడగానే ఎవరో ఒకరు "బైకార్బ్ ఇద్దామా?" అని అడుగుతారు. బైకార్బ్ అంటే ఆమ్లాన్ని తటస్థం చేసే సోడియం బైకార్బొనేట్. పెద్దవాళ్ల ఐసీయూలోనూ వినిపించే ప్రశ్నే అది. 25 వారాలకే పుట్టి 700 గ్రాములు తూగే బిడ్డ దగ్గర మాత్రం ఆ ప్రశ్న రావలసినదానికన్నా చాలా ముందే వచ్చేస్తుంది. 7.16 అనేది జబ్బు పేరు కాదు. నాలుగు చోట్ల నడుస్తున్న లెక్కలు కలిసి తేల్చిన మొత్తం మాత్రమే. ఊపిరితిత్తులది ఒక లెక్క, మూత్రపిండాలది ఒకటి, కణజాలానిది ఒకటి. నాలుగోదాన్ని చాలామంది మరిచిపోతారు. అది మనం ఎక్కిస్తున్న డ్రిప్‌ది.

మాట అర్థం కావడానికి మూడు చీటీలు చూద్దాం. ఉదాహరణ కోసం లెక్కగట్టినవే అయినా, అంకెలు నిజం వార్డులో కనిపించేలాంటివే. మూడింటిలోనూ బిడ్డ బరువు 700 గ్రాములు, పీహెచ్ 7.16.

మొదటిది పుట్టిన 6 గంటలకు తీసింది. కార్బన్ డయాక్సైడ్ (పాదరస మి.మీ.లలో) 68, బైకార్బొనేట్ 23.5, బేస్ ఎక్సెస్ (రక్తంలో క్షారం ఎంత ఎక్కువో తక్కువో చెప్పే అంకె) మైనస్ 4.

రెండోది మూడో రోజుది. కార్బన్ డయాక్సైడ్ 42, బైకార్బొనేట్ 14.5, బేస్ ఎక్సెస్ మైనస్ 12. సోడియం 146, క్లోరైడ్ 122, లాక్టేట్ (కణాలకు ఆక్సిజన్ చాలనప్పుడు పెరిగేది) 1.8.

మూడోది తొమ్మిదో రోజుది. కార్బన్ డయాక్సైడ్ 38, బైకార్బొనేట్ 13.2, బేస్ ఎక్సెస్ మైనస్ 14. సోడియం 134, క్లోరైడ్ 100, లాక్టేట్ 7.2.

మొదటి బిడ్డకు గాలి చాలడం లేదు. రెండో బిడ్డకు ఉప్పునీళ్లు ఎక్కువయ్యాయి. మూడో బిడ్డ ప్రాణాపాయంలో ఉంది. ముగ్గురికీ ఒకే మందు ఇస్తే ఒకరికి పని చేయదు, ఒకరికి అవసరం లేదు, మూడోవారి విషయంలో విలువైన గంటలు చేజారిపోతాయి.

చీటీని చదివే లెక్క

పీహెచ్ లాగరిథమ్ స్కేలు కాబట్టి కంటికి చిన్నగా కనిపించే తేడా నిజానికి చాలా పెద్దది. పీహెచ్ 7.40 దగ్గర లీటరు రక్తంలో 40 నానోమోళ్ల హైడ్రోజన్ అయాన్లుంటాయి. 7.16 దగ్గర 69, 7.00 దగ్గర 100. ఈ అంకెను కాగితం మీదే తీయొచ్చు. కార్బన్ డయాక్సైడ్‌ను 24తో గుణించి బైకార్బొనేట్‌తో భాగిస్తే చాలు. మొదటి చీటీలో 24 × 68 ÷ 23.5 అంటే 69. రెండోదానిలో 24 × 42 ÷ 14.5, మూడోదానిలో 24 × 38 ÷ 13.2. మూడూ 69 దగ్గరే ఆగుతాయి. ఈ లెక్క కుదరకపోతే చీటీలోనే ఏదో అంకె తప్పుగా ఎక్కిందని అర్థం. గుర్తుంచుకోండి, మొదటి చీటీలోని నాలుగు అంకెల్లో మిషన్ నేరుగా కొలిచేది పీహెచ్‌నూ కార్బన్ డయాక్సైడ్‌నూ మాత్రమే. బైకార్బొనేట్‌నూ బేస్ ఎక్సెస్‌నూ వాటి నుంచి లెక్కగడుతుంది.

పెద్దవాళ్లకు 7.35 నుంచి 7.45 వరకు మామూలు. 28 వారాలు నిండకుండా పుట్టినవాళ్లకు ఆ గీత పెట్టి కూర్చుంటే రోజంతా ఏదో ఒక చికిత్స చేస్తూనే ఉండాల్సి వస్తుంది. మొదటి రోజుల్లో 7.25 ఉంటే చాలా యూనిట్లు సరిపెట్టుకుంటాయి. 7.20 కిందికి దిగితే కారణం వెతకడం మొదలుపెడతాయి. బైకార్బొనేట్ 18 నుంచి 20, బేస్ ఎక్సెస్ మైనస్ 4 నుంచి 6 ఉండటం ఈ వయసులో వింతేమీ కాదు.

మొదటి చీటీ: గాలి

ఊపిరితిత్తుల గాలి తిత్తులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ ఈ బిడ్డలో చాలినంత తయారుకాలేదు. నెలలు నిండని పిల్లల ఊపిరి ఇబ్బందికి ఈ కొరతే మూలమని మేరీ ఎలెన్ అవేరీ, జెరే మీడ్ 1959లో చూపించారు. తిత్తులు మూసుకుపోతే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోదు. అప్పటికప్పుడు అది 10 మి.మీ. పెరిగితే పీహెచ్ సుమారు 0.08 పడిపోతుంది. 40 నుంచి 68కి పెరిగితే 0.22 తగ్గి 7.18 దగ్గరికి రావాలి, చీటీలో 7.16 ఉంది. అంటే దాదాపు నేరమంతా గాలిదే. బైకార్బొనేట్ 23.5 ఉన్న బిడ్డకు ఇంకా బైకార్బొనేట్ పోయడంలో అర్థమే లేదు.

కాబట్టి చూడాల్సింది ఛాతీని, ఊపిరి గొట్టాన్ని, వెంటిలేటర్‌ను. 25-26 వారాల బిడ్డకు 2.5 మి.మీ. గొట్టం పెదవి దగ్గర 6 సెం.మీ. గుర్తు వద్ద ఉండాలి. అర సెంటీమీటరు లోపలికి జారితే కుడి శ్వాసనాళంలోకి దూరిపోతుంది, ఎడమ ఊపిరితిత్తి మూసుకుపోతుంది. తల పక్కకు తిప్పినా, టేపు లాలాజలానికి తడిసినా ఆ అర సెంటీమీటరు జరగడానికి క్షణం చాలు. తరవాత గొట్టంలో కఫం అడ్డుపడిందేమో చూడాలి. ఛాతీకి ఒక పక్క చల్లని కాంతి టార్చి ఆనించి, ఎర్రగా వెలుగుతోందేమో చూసి గాలి లీక్ అయిందా అన్నది తేల్చుకోవాలి. ఆ తరవాతే వెంటిలేటర్ అంకెలు.

ఆ అంకెల్లో ఒక చిక్కుంది. కిలోకు 4 నుంచి 6 మి.లీ. చొప్పున ఈ బిడ్డకు ఒక్కో శ్వాసకు అందాల్సింది 2.8 నుంచి 4.2 మి.లీ. గొట్టం చివర బిగించే ఫ్లో సెన్సార్ లోపలి ఖాళీయే దాదాపు ఒక మి.లీ. ఉంటుంది. పెద్దవాడికి లెక్కలోకి రాని ఆ ఖాళీ ఇక్కడ శ్వాసలో నాలుగో వంతు తినేస్తుంది. అనవసరమైన కనెక్టర్ ఇంకొకటి తగిలిస్తే కార్బన్ డయాక్సైడ్ ఎందుకు దిగడం లేదో తెలియక తల పట్టుకోవాల్సి వస్తుంది.

కార్బన్ డయాక్సైడ్‌ను దించడం ఒక ఎత్తు, నెమ్మదిగా దించడం మరో ఎత్తు. మెదడు రక్తనాళాలు ఈ వాయువు చెప్పినట్టు వింటాయి. అది పెరిగితే వెడల్పవుతాయి, తగ్గితే బిగుసుకుంటాయి. మెదడు గదుల అంచున ఉండే జెర్మినల్ మ్యాట్రిక్స్ అనే పొరలోని నాళాలు తడిసిన కాగితంలా ఉంటాయి. మొదటి 72 గంటల్లో మెదడు రక్తస్రావాలు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. 68 మీద ఉండిపోతే నాళాలు ఉబ్బుతాయి. వెంటిలేటర్ పెంచి గంటలో 30కి లాగితే అవే నాళాలు ముడుచుకుని మెదడులోని తెల్ల పదార్థానికి రక్తం అందక దెబ్బతింటుంది. 45 నుంచి 55 మధ్య స్థిరంగా నిలబెట్టడం, 60 వరకు ఓర్చుకోవడం, 35 కిందికి పోనీయకపోవడం, ఇదీ ఈ రోజుల్లో ఎక్కువమంది పాటించే పద్ధతి. ఇంకా ఎక్కువ ఓర్చుకుంటే ఊపిరితిత్తులకు మేలేమోనని జర్మనీలో 1000 గ్రాముల లోపు పిల్లల మీద ఒక పెద్ద అధ్యయనం చేశారు. 2015లో వచ్చిన ఫలితాల్లో అలాంటి లాభమేదీ కనబడలేదు.

సర్ఫాక్టెంట్ ఇచ్చాక అసలు జాగ్రత్త మొదలవుతుంది. కిలోకు 200 మి.గ్రా. మందు పడిన కొద్ది నిమిషాల్లోనే తిత్తులు తెరుచుకుంటాయి. వెంటిలేటర్ ఒత్తిడి పాత అంకె మీదే ఉంటే గాలి రెట్టింపుగా లోపలికి పోతుంది. అరగంటలో మళ్లీ గ్యాస్ చూడకపోతే 68 కాస్తా 32 అయి కూర్చుంటుంది. ఒత్తిడికి బదులు గాలి పరిమాణాన్నే లక్ష్యంగా పెట్టుకుని నడిచే వెంటిలేషన్ పద్ధతి వచ్చాక ఈ ప్రమాదం బాగా తగ్గింది.

ఈ చీటీని రాకుండా ఆపే మందు నిజానికి బిడ్డకు కాదు, తల్లికి ఇవ్వాలి. మన దేశంలో ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులు మొదలైతే 6 మి.గ్రా. డెక్సామెథసోన్ ఇంజెక్షన్ 12 గంటలకొకటి చొప్పున నాలుగు ఇస్తారు. పెద్దాసుపత్రికి పంపేముందు పీహెచ్‌సీలో మొదటి డోసు పడినా అది బిడ్డ ఊపిరితిత్తులకు పనికొస్తుంది.

రెండో చీటీ: ఉప్పు

మూడింటిలో ఎక్కువసేపు ఆగాల్సింది ఈ చీటీ దగ్గరే. ఎందుకంటే ఇది తరచుగా వస్తుంది, భయపెడుతుంది, చాలాసార్లు మన చేతి పనే.

కార్బన్ డయాక్సైడ్ 42, అంటే ఊపిరితిత్తులు తమ పని చేస్తున్నాయి. లాక్టేట్ 1.8, కణాలకు ఆక్సిజన్ అందుతోంది. మరి బైకార్బొనేట్ ఎటు పోయింది?

దీనికి యానయాన్ గ్యాప్ అనే చిన్న తీసివేత కావాలి. సోడియం నుంచి క్లోరైడ్‌నూ బైకార్బొనేట్‌నూ తీసేయాలి. 146 − 122 − 14.5 అంటే 9.5. రక్తంలోకి లాక్టిక్ ఆమ్లంలాంటి కొత్త ఆమ్లం చేరితే ఈ గ్యాప్ పెరుగుతుంది. 16 దాటితే అనుమానించాలి. ఇక్కడ పెరగలేదు. పోయిన బైకార్బొనేట్ స్థానంలో సరిగ్గా క్లోరైడే వచ్చి కూర్చుంది. మామూలుగా సోడియం 140 ఉంటే క్లోరైడ్ 104 ఉంటుంది, అంటే సోడియంలో సుమారు 74 శాతం. ఈ బిడ్డలో అది 84 శాతం.

ఈ తిరకాసులో సగం మూత్రపిండానిది. చెరువుకు అలుగు ఉన్నట్టే మూత్రపిండానికీ బైకార్బొనేట్ మట్టం ఒకటుంటుంది. రక్తంలో బైకార్బొనేట్ ఆ మట్టం దాటితే మిగతాది మూత్రంలోకి పొర్లిపోతుంది. పెద్దవాళ్లలో ఆ అలుగు ఎత్తు 24 నుంచి 26. నెలలు నిండి పుట్టిన బిడ్డలో 21 దగ్గర. 25 వారాల బిడ్డలో 14 నుంచి 18 మధ్యే ఉండొచ్చు. మూత్రనాళికల్లో హైడ్రోజన్‌ను బయటికి నెట్టి సోడియంను లోపలికి తెచ్చే రవాణా ప్రొటీన్లు ఇంకా తక్కువగా ఉంటాయి. కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ ఎంజైమూ మందకొడిగా పనిచేస్తుంది. అసలు మూత్రపిండాల్లో కొత్త నెఫ్రాన్లు పుట్టడం 34-36 వారాల దాకా సాగుతూనే ఉంటుంది. అలుగు ఇంత తక్కువ ఎత్తులో ఉన్న చెరువులోకి ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి పోస్తే ఏమవుతుంది? మీరు పోసిన బైకార్బొనేట్‌కూ అదే గతి. రేపు ఉదయానికి మూత్రంలో ఉంటుంది. దానితోపాటు ఇచ్చిన సోడియం మాత్రం ఒంట్లో మిగులుతుంది.

మిగతా సగం డ్రిప్‌ది. ఈ బిడ్డకు రోజంతా ఎంత క్లోరైడ్ పోయిందో చిట్టా రాద్దాం.

బొడ్డు ధమనిలో పెట్టిన గొట్టం మూసుకుపోకుండా హెపారిన్ కలిపిన సెలైన్ గంటకు 0.8 మి.లీ. పోతోంది. చూడ్డానికి చుక్కలే. రోజుకు 19.2 మి.లీ. 0.9 శాతం సెలైన్‌లో మి.లీ.కు 0.154 మిల్లీ ఈక్వివలెంట్ల (అయాన్లను లెక్కగట్టే కొలమానం) క్లోరైడ్ ఉంటుంది కాబట్టి అది 2.96. బిడ్డ 0.7 కిలోలు కనుక కిలోకు 4.2. రక్తపోటు తగ్గిందని నిన్న కిలోకు 10 మి.లీ. సెలైన్ ఒక్కసారి ఎక్కించారు, అది కిలోకు 1.5. మందు ఇచ్చిన ప్రతిసారీ, రక్తం తీసిన ప్రతిసారీ గొట్టం కడగడానికి అర మి.లీ. సెలైన్ ఫ్లష్. పదిసార్లకు 5 మి.లీ., అది కిలోకు 1.1. మొత్తం 6.8. సిరలోకి ఆహారంగా ఎక్కించే ద్రవం టీపీఎన్‌లోని క్లోరైడ్ ఇంకా ఈ పద్దులో చేరనే లేదు. రోజుకు కిలోకు 6 దాటితే ఈ రకం ఆమ్లత బాగా కనబడుతుంది. ఆర్డర్ షీటులో మాత్రం 'సోడియం: ఇవ్వడం లేదు' అని రాసి ఉంటుంది, ఎందుకంటే గొట్టంలో పోయేదాన్నీ ఫ్లష్‌నూ ఎవరూ లెక్కలో వేయరు.

సెలైన్‌లో ఆమ్లం లేదు కదా, పీహెచ్ ఎందుకు తగ్గిస్తుంది అని అడగొచ్చు. రక్తంలో సోడియం క్లోరైడ్‌కన్నా 36 ఎక్కువ. ఆ 36 ధనావేశాన్ని తూచేందుకే బైకార్బొనేట్, ఆల్బుమిన్‌లాంటి రుణావేశాలు అక్కడ నిలబడి ఉన్నాయి. సెలైన్‌లో సోడియం 154, క్లోరైడూ 154, తేడా సున్నా. అలాంటి ద్రవం పోసేకొద్దీ రక్తంలోని తేడా కుదించుకుపోతుంది. బైకార్బొనేట్‌కు మిగిలిన చోటు ఆ మేరకు తగ్గుతుంది. పెద్దవాళ్ల మూత్రపిండం అదనపు క్లోరైడ్‌ను ఒకటి రెండు రోజుల్లో తోసేస్తుంది. ఈ బిడ్డది తోయలేదు. పైగా కాగితంలాంటి చర్మం గుండా నీరు ఆవిరైపోతూ ఉన్న ఉప్పును ఇంకా చిక్కబరుస్తుంది. సోడియం 146 చెబుతున్నది అదే.

దిద్దుబాటు చాలా సాదాసీదా. బొడ్డు గొట్టంలో 0.9 శాతం బదులు 0.45 శాతం సెలైన్ పెడితే 4.2 కాస్తా 2.1 అవుతుంది. హెపారిన్ మి.లీ.కు అర నుంచి ఒక యూనిట్ చాలు. ఉప్పు తగ్గించాలని ఉత్త స్టెరైల్ వాటర్ మాత్రం ఎన్నడూ పెట్టకూడదు, ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. సోడియం అసిటేట్ దొరికే చోట గొట్టంలోనో టీపీఎన్‌లోనో దాన్ని వాడతారు. టీపీఎన్‌లో రోజుకు కిలోకు 1 నుంచి 3 వరకు అసిటేట్ ఇస్తే కాలేయం దాన్ని మెల్లగా బైకార్బొనేట్‌గా మారుస్తుంది. ఫ్లష్ అర మి.లీ. బదులు గొట్టం నిండేంతకే పరిమితం చేయాలి. బిడ్డ రంగు, మూత్రం, రక్తపోటు బాగున్నంత కాలం ఒకటి రెండు రోజులు ఓపిక పట్టొచ్చు. 7.16 చూసి చేతులు ఊరుకోవు నిజమే. కానీ ఇక్కడ వేయాల్సిన మందేమీ లేదు, మార్చాల్సింది ద్రవాన్నే.

ఈ పాఠం కొత్తది కాదు. సిరలోకి అమైనో ఆమ్లాలు ఎక్కించడం మొదలైన కొత్తల్లో ఆ ద్రావణాల్లో లైసిన్, ఆర్జినిన్‌లాంటివి హైడ్రోక్లోరైడ్ రూపంలో ఉండేవి. పిల్లల్లో ఇలాంటి ఆమ్లతే వస్తోందని 1972లో గుర్తించారు. తరవాత తయారీదార్లు క్లోరైడ్ స్థానంలో అసిటేట్ చేర్చారు. టీపీఎన్‌లో విడిగా కలిపే సిస్టీన్ హైడ్రోక్లోరైడ్ ఇప్పటికీ అదే పని చేస్తుంది, దాన్ని కలిపిన రోజు అసిటేట్ పెంచడం మరవకూడదు.

రెండు మూడు వారాలకు ఇదే చీటీ మరో వేషంలో రావొచ్చు. పాలు బాగా పడుతున్నాయి, బిడ్డ బాగానే ఉంది, కానీ బైకార్బొనేట్ 17 దగ్గర ఆగి బరువు పెరగడం మందగిస్తుంది. గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు కాలిపోయినప్పుడు ఆమ్లం పుడుతుంది. ఎముకలో కాల్షియం పేరుకుంటున్నప్పుడు కూడా హైడ్రోజన్ అయాన్లు విడుదలవుతాయి. అంటే ఎదగడమే ఒక ఆమ్ల భారం. కేసిన్ ఎక్కువగా ఉన్న పాత ఆవుపాల ఫార్ములాలతో ఇది బాగా కనిపించేది, తల్లిపాలతో తక్కువ. తల్లిపాలకు చేర్చే ఫోర్టిఫయర్లలో ఆమ్లం కలిపి నిల్వచేసే ద్రవ రకాలతోనూ వస్తుంది, అప్పుడు రకం మారిస్తే సర్దుకుంటుంది.

మూడో చీటీ: కణాల ఆకలి

134 − 100 − 13.2 అంటే 20.8. లాక్టేట్ 7.2. ఇక్కడ లెక్కల మీద ఎక్కువసేపు కూర్చోకూడదు. చీటీ పక్కన పెట్టి బిడ్డ పొట్ట మీద చెయ్యి వేయాలి.

తొమ్మిదో రోజున పొట్ట ఉబ్బి, పాలు పచ్చగా వెనక్కి వస్తూ, ప్లేట్‌లెట్లు తగ్గుతుంటే పేగు కుళ్లే జబ్బు నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్ మొదలైందనుకోవాలి. పాలు ఆపి, కడుపులోకి గొట్టం వేసి, ఎక్స్‌రే తీయాలి. పేగు గోడలో గాలి బుడగలు, కాలేయానికి వెళ్లే పోర్టల్ సిరలో గాలి, పొట్టలో విడిగా గాలి ఉన్నాయా అని చూడాలి. విడిగా గాలి కనిపిస్తే సర్జన్‌ను పిలవాలి. బ్లడ్ కల్చర్ తీసి యాంటీబయాటిక్ మొదలుపెట్టడం ఎక్స్‌రే కోసం ఆగకూడదు. పొట్ట మెత్తగా ఉంటే సెప్సిస్ (ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్), మూసుకోని పెద్ద డక్టస్ (పుట్టాక మూసుకోవాల్సిన గుండె దగ్గరి రక్తనాళం), తలలో రక్తస్రావం, రక్తహీనత, ఈ వరసలో వెతకాలి. అందుకు గుండె స్కాన్ (ఎకో), తల స్కాన్, హిమోగ్లోబిన్ చాలు. ఈ వయసులో ఆల్బుమిన్ 2 గ్రాముల దగ్గరే ఉండటం వల్ల యానయాన్ గ్యాప్ అసలుకన్నా తక్కువగా కనిపిస్తుందన్నదీ గుర్తుంచుకోవాలి. గ్యాప్ 13 ఉందని ఊరట పడకుండా లాక్టేట్‌ను విడిగా కొలవడం మంచిది.

లాక్టేట్ పెరిగిన ప్రతిసారీ ప్రసరణే కారణం కాదు. రక్తపోటు నిలపడానికి ఇచ్చే అడ్రినలిన్ డ్రిప్ ఒక్కటే దాన్ని పెంచగలదు. విటమిన్లు కలపని టీపీఎన్ కొన్ని వారాలు నడిస్తే థయమిన్ (విటమిన్ బి1) అందక గ్లూకోజ్ దహనం మధ్యలో ఆగిపోయి లాక్టేట్ తీవ్రంగా ఎక్కిపోతుంది. మల్టీవిటమిన్ స్టాకు అయిపోయిన రోజుల్లో ఇది తలపుకు రావాలి.

చీటీలోని 38 వెనక ఒక ఉచ్చు దాగుంది. ఆ బిడ్డ ఆయాసపడుతూ కార్బన్ డయాక్సైడ్‌ను ఊదేసి పీహెచ్‌ను 7.16 దగ్గర పట్టుకుంది. అలసిపోయిందని గొట్టం వేసి, వెంటిలేటర్‌ను మామూలు అంకెల మీద పెట్టామనుకోండి. కార్బన్ డయాక్సైడ్ 50కి చేరుతుంది. 24 × 50 ÷ 13.2 అంటే 91. పీహెచ్ 7.04. బిడ్డకు విశ్రాంతి ఇద్దామని చేసిన పనే ఆమె పట్టుకున్న కొమ్మను నరికినట్టవుతుంది. గొట్టం వేసిన తొలి గంటలో అంతకుముందు ఉన్న అంకె దగ్గరే కార్బన్ డయాక్సైడ్‌ను ఉంచాలి. మూలకారణం సర్దుకున్నాక పైకి వదలొచ్చు.

బైకార్బ్ సంగతి

1963లో మాంట్రియల్‌లో రాబర్ట్ అషర్ ఊపిరి ఇబ్బందితో పుట్టిన పిల్లలకు గ్లూకోజ్‌తో పాటు సోడియం బైకార్బొనేట్ ఎక్కిస్తే మరణాలు తగ్గుతున్నాయని ప్రకటించాడు. అదే ఏడాది ఆగస్టు 7న అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు ప్యాట్రిక్ ఐదు వారాలకు పైగా ముందు పుట్టి, ఇదే ఊపిరి జబ్బుతో రెండు రోజులకే చనిపోయాడు. నవజాత శిశువులకు సరైన వెంటిలేటర్ గానీ సర్ఫాక్టెంట్ గానీ లేని కాలమది. చేతిలో ఉన్నది బైకార్బ్ ఒక్కటే. అది అలవాటుగా మారింది. 1970లలో వేగంగా ఎక్కించిన చిక్కని బైకార్బ్‌కూ సోడియం పెరుగుదలకూ మెదడు రక్తస్రావానికీ సంబంధముందన్న అనుమానాలు బలపడ్డాయి. మెటబాలిక్ ఆమ్లత (ఊపిరితిత్తుల వల్ల కాక వచ్చే ఆమ్లత) ఉన్న నెలలు నిండని పిల్లలకు క్షారం ఇస్తే మేలని చెప్పడానికి ఆధారాలు చాలవని, అధ్యయనాలన్నిటినీ కలిపి తూచే కోక్రేన్ సమీక్ష 2005లో తేల్చింది.

ఎందుకు పని చేయదో లెక్కలోనే ఉంది. రెండో చీటీ బిడ్డకే ఇద్దామనుకుందాం. వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం 0.3 × 0.7 × 12 అంటే 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు. అందులో సగం, 1.25. మన దగ్గర దొరికే 7.5 శాతం ఆంప్యూల్‌లో మి.లీ.కు 0.9 ఉంటుంది కాబట్టి 1.4 మి.లీ. ఆ 1.25 అంతా ఆమ్లాన్ని తటస్థం చేస్తే పుట్టేది సుమారు 28 మి.లీ. కార్బన్ డయాక్సైడ్. ఈ బిడ్డ ఒళ్లంతా కలిసి నిమిషానికి తయారుచేసేది 4 మి.లీ. దగ్గర. అంటే ఏడు నిమిషాల వాయువు అదనంగా వచ్చి పడింది. బైకార్బ్‌ను రెండు నిమిషాల్లో తోసేస్తే ఊపిరితిత్తులు ఆ వాయువును ఎటు పంపాలి? పంపలేకపోతే ఆ వాయువు బైకార్బొనేట్‌కన్నా ముందే కణాల్లోకి దూరి లోపల ఆమ్లాన్ని పెంచుతుంది. చీటీలో పీహెచ్ బాగుపడుతుంది, కణంలో చెడుతుంది. సోడియం కిలోకు 1.8 అదనం. అయొనైజ్డ్ కాల్షియం పడిపోయి రక్తపోటు కుంగవచ్చు.

అయినా ఇవ్వాల్సిన సందర్భాలు లేకపోలేదు. పేగు నుంచో మూత్రం నుంచో బైకార్బొనేట్ పోతూనే ఉందని తేలి, పీహెచ్ 7.1 దగ్గర తచ్చాడుతూ, వెంటిలేషన్ బాగున్నప్పుడు ఇస్తే తప్పు పట్టలేం. అలా ఇచ్చేటప్పుడు 1.4 మి.లీ.కి సమానంగా స్టెరైల్ వాటర్ కలిపి, సిరంజి పంపులో ఒకటి రెండు గంటలపాటు నడపాలి. కలపకుండా ఇస్తే దాని గాఢత రక్తం గాఢతకన్నా ఆరు రెట్లు. కాల్షియం పోతున్న లైన్లో ఇస్తే సుద్దలా గడ్డకడుతుంది. డోపమిన్, అడ్రినలిన్ లైన్లో ఇస్తే అవి నిర్వీర్యమవుతాయి. మూడో చీటీ బిడ్డకు ఇస్తే పేగు కుళ్లడం ఆగదు, చీటీ మాత్రం కొంతసేపు అందంగా కనిపిస్తుంది. మా దృష్టిలో అసలు ప్రమాదం అదే.

చీటీ అబద్ధమాడితే

మూడు రకాల చీటీలూ నిజం చెబుతున్నాయనుకునే ఇంతదూరం వచ్చాం. సిరంజిలో గాలి బుడగ ఉంటే కార్బన్ డయాక్సైడ్ తగ్గి, ఆక్సిజన్ 150 వైపు జరుగుతుంది. సిరంజిలో ద్రవ హెపారిన్ మిగిలిపోతే రక్తం పలచబడి కార్బన్ డయాక్సైడ్, బైకార్బొనేట్ రెండూ కలిసి తగ్గుతాయి. పీహెచ్ పెద్దగా మారకుండా బైకార్బొనేట్ ఒక్కసారిగా 12కి పడిందంటే ముందు అనుమానించాల్సింది అదే. పావు మి.లీ. రక్తంలో ఒక చుక్క హెపారిన్ కూడా పెద్ద వాటాయే. బొడ్డు గొట్టంలో ముందున్న సెలైన్‌ను పూర్తిగా వెనక్కి లాగకపోతే క్లోరైడ్ దొంగలెక్క చెబుతుంది. మిషన్ దగ్గర వరసలో అరగంట ఆగితే రక్తకణాలు గ్లూకోజ్ తింటూ లాక్టేట్ పెంచుతాయి. మడమ పొడిచి పిండి పిండి తీసిన రక్తంలో ఆక్సిజన్ అంకెను నమ్మకూడదు, కార్బన్ డయాక్సైడ్ ఫర్వాలేదు.

మళ్లీ తీయండి అనడం తేలిక. ఈ బిడ్డ ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపి సుమారు 63 మి.లీ. ఒక్కో పరీక్షకు 0.3 మి.లీ. చొప్పున రోజుకు ఎనిమిది గ్యాస్‌లు తీస్తే 2.4 మి.లీ., దాదాపు 4 శాతం. పెద్దవాడికైతే రోజూ 190 మి.లీ. తీసినట్టు. రక్తహీనత వస్తే కణాలకు ఆక్సిజన్ తగ్గి లాక్టేట్ పెరుగుతుంది. ఆమ్లాన్ని కొలవడానికి తీసిన రక్తమే ఆమ్లానికి కారణమయ్యే వింత ఇక్కడ సాధ్యమే.

పీహెచ్ బాగున్న చీటీ

ఇంకో చీటీ మిగిలింది, రెండో చీటీ బిడ్డదే. ఆరు వారాలు గడిచాయి. పీహెచ్ 7.41, కార్బన్ డయాక్సైడ్ 65, బైకార్బొనేట్ 40. సోడియం 132, క్లోరైడ్ 80, పొటాషియం 2.8. పీహెచ్ ఇంత ముద్దుగా ఉంటే ఎవరూ రెండోసారి చూడరు.

ఊపిరితిత్తులు దెబ్బతిని కార్బన్ డయాక్సైడ్ వారాల తరబడి 65 దగ్గర ఉంటే మూత్రపిండాలు సర్దుబాటుగా బైకార్బొనేట్‌ను పెంచుతాయి. ప్రతి 10 మి.మీ.కు 3.5 నుంచి 4 చొప్పున. 25 పెరిగింది కనుక 34 దగ్గర ఆగాలి, పీహెచ్ 7.34 దగ్గర ఉండాలి. సర్దుబాటు ఎప్పుడూ పీహెచ్‌ను పూర్తిగా మామూలుకు తేదు. 40కి ఎక్కిందంటే వేరే చెయ్యి పడింది. ఊపిరితిత్తుల్లో నీరు తగ్గాలని రోజూ ఇస్తున్న ఫ్యూరోసెమైడ్ మూత్రంలోకి క్లోరైడ్‌నూ పొటాషియంనూ తోడేసింది. క్లోరైడ్ లేని చోటు బైకార్బొనేట్ ఆక్రమించింది. రక్తం క్షారంగా ఉండేసరికి మెదడు ఊపిరి తీసుకోమని చెప్పడం తగ్గించింది. కాబట్టి ఆ 65లో కొంత జబ్బు ఊపిరితిత్తిది, కొంత మందుది. వెంటిలేటర్ పెంచి 65ను తగ్గిస్తే పీహెచ్ 7.5 దాటుతుంది. చేయాల్సింది ఫ్యూరోసెమైడ్ ఆపడమో తగ్గించడమో. పాలలో విడతలుగా రోజుకు కిలోకు 2 నుంచి 3 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం క్లోరైడ్ ఇచ్చి, మూత్రం వస్తోందా అని చూస్తూ, పొటాషియంను మళ్లీ మళ్లీ కొలవాలి. మూడో రోజున ఈ బిడ్డను ఆమ్లంలో ముంచిన క్లోరైడే ఆరో వారంలో ఆమెకు కావలసిన మందు. అది 95 దాటాక చాలాసార్లు వెంటిలేటర్ జోలికి పోకుండానే కార్బన్ డయాక్సైడ్ 55 దగ్గరికి దిగివస్తుంది.